రాజధాని ఎక్కడమ్మా?

అద్దంకి వైపు నుంచి వచ్చిన బస్సు గుంటూరు బస్టాండులో ఆగింది. అత్త, కోడలు దిగారు. ఇద్దరి నెత్తిన గుడ్డల మూటలు. కోడలి చేతిలో గిన్నెల సంచి. ఏటా వాళ్లు ఇట్లాగే వస్తారు. మిరపకాయ కోతకు వస్తారు. పెదపరిమి చేలల్లో కోత అయ్యేదాకా ఉంటారు. మేస్త్రీ ముఠాను తీసుకుని ఎల్లుండి వస్తాడు. ఈ లోపల అత్త తన అక్కను చూడాలనుకుంది. అక్క మందడంలో ఉంటుంది. మందడం ఇప్పుడు రాజధానిలో ఊరు.

అత్త పోయిన ఏడు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేదు. ఒక బస్సు ముందు ఆగి కూడబలుక్కుని చదివింది.

"అ... మ... రా... వ... తి. ఇదేనే మన బస్సు. ఎక్కు."

కండక్టరు అడిగాడు. "ఎక్కడికమ్మా?"

"రాజధానికి నాయనా. మందడం."

"ఇది ఆ అమరావతి కాదమ్మా. ఇది గుడి ఉన్న అమరావతి. మీరు తుళ్లూరు బస్సెక్కండి. అక్కడ దిగి ఆటోలో పోండి."

అత్త చిన్నబోయింది. "తప్పు చదివానా ఏంది?"

"నువ్వు సరిగ్గానే చదివావు అత్తా. పేరు ఒకటే. చోట్లు రెండు" అంది కోడలు. ఆ పిల్ల పదో తరగతి దాకా చదివింది.

ఈ తికమక అత్త ఒక్కదానికే కాదు. చాలామందికి ఉంది. అమరావతి అనే పాత ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. అమరలింగేశ్వరుడి గుడి ఆ ఊళ్లోనే ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు పల్నాడు జిల్లాలోకి పోయింది. కొత్త రాజధాని దానికి తూర్పున, ఏటి దిగువన ఉంది. అది గుంటూరు జిల్లాలోనే ఉంది. తుళ్లూరు, మందడం, వెలగపూడి, రాయపూడి, నేలపాడు, శాఖమూరు, నిడమర్రు, ఇట్లా 29 ఊళ్లు కలిపి రాజధాని అన్నారు. దాని విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. పాత ఊరికి ఉన్న పేరును ఈ కొత్త నగరానికి పెట్టారు.

రాతి మీద ఆడవాళ్ల పేర్లు

పాత అమరావతి కథ రెండు వేల ఏళ్ల కిందటిది. అప్పట్లో ఆ చోటును ధాన్యకటకం అనేవాళ్లు. శాతవాహన రాజుల ముఖ్య పట్టణాల్లో అదొకటి. పక్కనే ధరణికోట ఉంది. అక్కడ తవ్వితే పడవలు ఆగే రేవు బయటపడింది. అంటే కృష్ణలో సరుకుల పడవలు తిరిగేవన్న మాట.

అక్కడ పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. స్తూపం అంటే గుండ్రని దిబ్బలాంటి కట్టడం. దాని చుట్టూ తెల్లని పలకలు నిలబెట్టారు. ఆ పలకల మీద బొమ్మలు చెక్కారు. రాజు ఒక్కడే డబ్బు పెట్టి కట్టించింది కాదు అది. ఎవరికి చేతనైన పలక వాళ్లు ఇచ్చారు. ఇచ్చినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కారు. ఆ పేర్లలో ఆడవాళ్లవి చాలా ఉన్నాయి. సన్యాసం పుచ్చుకున్న భిక్షుణులు ఉన్నారు. కూతుళ్లతో కలిసి ఇచ్చిన తల్లులు ఉన్నారు. తోలుపని చేసే విధికుడు అనే ఆయన ఒక పలక ఇచ్చాడు. తన తల్లి, భార్య, బిడ్డలతో కలిసి ఇచ్చినట్టు రాయించాడు. ఆ పలక మీద నిండు కుండ బొమ్మ ఉంది. దాన్నే పూర్ణఘటం అంటారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ముద్రలో ఆ పూర్ణఘటాన్ని పెట్టుకుంది. సర్కారు కాగితం మీది ముద్రను ఈసారి దగ్గరగా చూడండి. తోలుపని చేసే కుటుంబం ఇచ్చిన కుండ అందులో కనిపిస్తుంది.

ఆ రాళ్ల మీది అక్షరాలు ఇప్పటి తెలుగు అక్షరాలు కావు. వాటిని బ్రాహ్మీ లిపి అంటారు. భాష కూడా ప్రాకృతం. కానీ అమరావతి రాతి మీద "నాగబు" అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చదివారు. మనకు దొరికిన పాత తెలుగు మాటల్లో అదొకటని పండితులు చెప్తారు.

తరవాత ఆ స్తూపం దిబ్బయిపోయింది. జనం మరిచిపోయారు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అనే జమీందారు అమరావతికి వచ్చి ఊరు కట్టించాడు. ఇళ్లకు, గోడలకు రాళ్లు కావాలి. దిబ్బలో రాళ్లు ఉన్నాయి. తవ్వి వాడుకున్నారు. 1797లో కాలిన్ మెకంజీ అనే తెల్లదొర వచ్చి చూశాడు. అప్పటికే చాలా రాళ్లు పోయాయి. మిగిలినవాటిలో ఎన్నో మద్రాసు మ్యూజియానికి పోయాయి. కొన్ని ఓడలెక్కి లండన్ పోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మన తల్లుల పేర్లు చెక్కిన రాళ్లలో కొన్నింటిని చూడాలంటే సముద్రాలు దాటాలి.

బస్సు కిటికీలోంచి

తుళ్లూరు బస్సు లాం దాటింది. తాడికొండ దాటింది. రెండు పక్కలా నల్లరేగడి. పత్తి తీత అయిపోవచ్చింది. ఎండిన మోళ్ల మీద అక్కడక్కడ గుల్లలు వేలాడుతున్నాయి. మిరప చేలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి. బస్సులోకి ఘాటు వచ్చింది. ఒకామె దగ్గింది.

"ఈ నేల మీద పెద్ద మేడలు నిలుస్తాయంటావా?" అడిగింది అత్త.

అత్త అడిగింది ఊరికే కాదు. నల్లరేగడి సంగతి దానిలో కాలు పెట్టినవాళ్లకు తెలుసు. ఎండాకాలం నోళ్లు తెరుస్తుంది. నెర్రెల్లో చెయ్యి పడుతుంది. వానకు ఉబ్బుతుంది. మామూలు పునాది వేస్తే గోడలు బీటలిస్తాయి. ఇంజనీర్లకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే పెద్ద కట్టడాలకు బాగా లోతుకు పోయి పునాది వేస్తారు. ఖర్చు పెరుగుతుంది. నేల మాత్రం పంటకు బంగారం.

ఏటి ఒడ్డుకు పోయేకొద్దీ నేల మారుతుంది. అక్కడివి జరీబు భూములు. కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక పంట ఉంటుంది. అరటి, పసుపు, దొండ, కూరగాయలు, మల్లెలు. పంట ఉన్నన్నాళ్లూ కూలి ఉంటుంది. మల్లెలు కోయాలి. దొండకాయలు తెంపాలి. కలుపు తియ్యాలి. ఇవన్నీ ఎక్కువగా ఆడవాళ్ల పనులే.

ఊరూరా తిరిగిన రాజధాని

రాజధాని అంటే ప్రభుత్వం కూర్చునే చోటు. శాసనసభ, సచివాలయం, పెద్ద కోర్టు మామూలుగా అక్కడ ఉంటాయి. తెలుగువాళ్ల రాజధాని ఒకచోట నిలిచింది లేదు.

అత్త వాళ్ల అద్దంకి కూడా ఒకప్పుడు రాజధానే. సుమారు 700 ఏళ్ల కిందట ప్రోలయ వేమారెడ్డి అక్కడి నుంచి రాజ్యం చేశాడు. తరవాత రెడ్డిరాజులు రాజధానిని కొండవీటికి మార్చారు. అద్దంకి నుంచి గుంటూరు వచ్చే బస్సులో చిలకలూరిపేట దాటాక ఎడమ పక్క కనిపించే కొండలు అవే.

ఇంగ్లీషు దొరల కాలంలో మన ప్రాంతానికి రాజధాని మద్రాసు. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేశారు. 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. హైకోర్టును మాత్రం 1954లో గుంటూరులో పెట్టారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని హైదరాబాదుకు పోయింది. హైకోర్టు కూడా పోయింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు పడింది. హైదరాబాదు పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నారు. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది.

మరి ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని ఎక్కడ? ఢిల్లీ ప్రభుత్వం శివరామకృష్ణన్ గారి కమిటీని వేసింది. ఆ కమిటీ 2014 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అంతా ఒక్కచోటే పెట్టవద్దంది. విజయవాడ, గుంటూరు నడుమ మంచి పంట భూములు పాడవుతాయని హెచ్చరించింది. రాష్ట్ర ప్రభుత్వం వేరే మాట చెప్పింది. ఇది రాష్ట్రానికి నడిమధ్య ఉంది, ఏరు ఉంది, రైలు ఉంది, రోడ్లు ఉన్నాయి అంది. 2014 సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాల్లోనే రాజధాని అని శాసనసభలో చెప్పింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది.

ఎకరానికి ఎన్ని గజాలు?

మందడంలో అక్క వాకిట్లోనే ఎదురయింది. చెల్లెల్ని పట్టుకుని కళ్లొత్తుకుంది. కాళ్లకు నీళ్లిచ్చింది. అన్నాలయ్యాక ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు.

"పొలాలన్నీ తీసుకున్నారంటగా అక్కా. డబ్బిచ్చారా?"

"డబ్బిచ్చి కొనలేదు చెల్లే. అదేదో సమీకరణ అన్నారు."

ఇక్కడ రెండు మాటలు తెలుసుకోవాలి. ఒకటి భూసేకరణ. ప్రభుత్వం చట్టం ప్రకారం పరిహారం ఇచ్చి భూమి తీసుకుంటుంది. రెండోది భూసమీకరణ. రైతు భూమి ఇస్తాడు. ప్రభుత్వం రోడ్లు, కాలవలు వేసి, అందులో కొంత స్థలం రైతుకే తిరిగి ఇస్తుంది. రాజధానికి ఎక్కువ భూమి ఈ రెండో పద్ధతిలోనే వచ్చింది. 2015 నుంచి 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. పెనుమాక, ఉండవల్లి రైతులు చాలామంది ఇవ్వమన్నారు. ఏడాదికి మూడు పంటలు తీసే భూములు వాళ్లవి.

లెక్క ఇట్లా ఉంది. ఎకరం మెట్ట ఇస్తే 1,000 గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వ్యాపార స్థలం. ఎకరం జరీబు ఇస్తే 1,000 గజాలు, 450 గజాలు. ఎకరానికి 4,840 గజాలు. అంటే మెట్ట రైతుకు నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ తిరిగి వస్తుంది. దానికి తోడు పదేళ్లు కౌలు. మెట్టకు మొదటి ఏడాది 30 వేలు, జరీబుకు 50 వేలు. ఏటా కొంత పెంచుతామన్నారు. అసైన్డు భూములకు మొదట తక్కువ స్థలం ఇస్తామన్నారు. దాని మీద దళిత రైతులు గొడవ చేశారు.

"మరి నీకు?" అడిగింది అత్త.

"నాకు పొలం ఎక్కడిది? నేను తోటల్లో పనికి పోయేదాన్ని గదా. మల్లెలు కోసేదాన్ని. తెల్లారుజామున పోతే పొద్దెక్కేసరికి తిరిగొచ్చేదాన్ని. ఇంట్లో పని చూసుకుని మళ్లీ దొండతోటకు. రెండు కూళ్లు వచ్చేవి."

పట్టాలో పేరు ఉన్నవాళ్లకు స్థలం, కౌలు వచ్చాయి. భూమి లేని కుటుంబానికి మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. కుటుంబానికి అంతే. ఇంట్లో నలుగురు కూలికి పోయేవాళ్లున్నా అంతే.

మీ ఊళ్లో ఆడకూలి రోజుకు ఎంత? 2,500 అంటే ఎన్ని రోజుల కూలి? పలక మీద లెక్క వేసి చూడండి.

తోటలు పోయాక మందడం కూలీలు ఆటోలెక్కారు. ముందు కాలినడకన పనికి పోయేవాళ్లు. ఇప్పుడు దూరపు ఊళ్లకు పోవాలి. ఆటో ఖర్చు కూలిలోంచే పోతుంది. చీకటితో లేచి వంట చేసుకోవాలి. "రాజధానిలో ఉంటావంటగా అని మనవాళ్లు అంటారు. నేను పత్తి తీతకు పరాయి ఊరికి పోతున్నానని వాళ్లకేం తెలుసు?" అంది అక్క. ఆ మాట నవ్వుతూనే అంది.

వాగుకు దారి కావాలి

కొండవీటి కొండల్లో ఒక వాగు పుడుతుంది. పేరు కొండవీటి వాగు. అది చేల మీదుగా వచ్చి రాజధాని ఊళ్ల నడుమ నుంచి పోతుంది. ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలం చూస్తే మేకలు దాటి పోతాయి. వానాకాలం చూస్తే వేరే మనిషి. వేల ఎకరాలు ముంచేది.

ఎందుకు ముంచుతుంది? ఉండవల్లికి దిగువన ప్రకాశం బ్యారేజి ఉంది. అక్కడ 1855లో ఆనకట్ట కట్టారు. దాని బదులు 1957లో ఈ బ్యారేజి వచ్చింది. టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. బ్యారేజి నీటిని ఆపి డెల్టా కాలవలకు పంపుతుంది. కృష్ణకు వరద వస్తే బ్యారేజికి ఎగువన ఏరు ఎత్తుగా నిలుస్తుంది. అప్పుడు వాగు నీళ్లు ఏట్లోకి పోలేవు. తూము ముందు బిందె పెడితే నీళ్లు వెనక్కి తన్నినట్టు, వాగు వెనక్కి తంతుంది. చేల మీద పడుతుంది.

కృష్ణ వరద అంటే ఎంత? దాన్ని క్యూసెక్కుల్లో చెప్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. చిటికె వేసేంతలో రెండు బిందెల నీళ్లు అనుకోండి. 2009 అక్టోబరులో బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో అంతకంటే ఎక్కువ వచ్చింది. 11 లక్షల 43 వేలు. చిటికెకు 22 లక్షల బిందెలకు పైనే. బిందెతో నీళ్లు మోసేవాళ్లు ఈ లెక్క ఒకసారి తలుచుకోండి.

ఆ సెప్టెంబరులోనే ఏటికి అవతల విజయవాడను బుడమేరు ముంచింది. బుడమేరు కూడా వాగే. అది పొంగి పారే చోట ఇళ్లు లేచాయి. నీళ్లకు పాత దారి గుర్తుంటుంది. ఇళ్లు ఎవరివని చూడవు. సింగ్ నగర్ లాంటి పేటల్లో జనం మేడల మీద, మిద్దెల మీద రోజుల తరబడి ఉన్నారు. తాగే నీళ్లకు అల్లాడారు.

హైదరాబాదుకూ ఇదే జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది చచ్చిపోయారు. ఆ తరవాతే వరద ఆపడానికి ఊరికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. అవే ఊరికి తాగే నీళ్లు కూడా ఇచ్చాయి.

అమరావతిలో ముందే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నారు. 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల కట్టారు. వాగు నీళ్లు ఏట్లోకి పోలేనప్పుడు పంపులు వాటిని ఎత్తి పోస్తాయి. 5,000 క్యూసెక్కుల దాకా ఎత్తిపోయగలవు. అంటే చిటికెకు పది వేల బిందెలు. వాగు నీళ్లు ఆపుకోడానికి నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం దగ్గర చెరువులు తవ్వాలని కూడా అనుకున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ అని ఒక కోర్టు ఉంది. గాలి, నీరు, అడవి తగాదాలు అది చూస్తుంది. రాజధాని మీద అక్కడికీ కేసు పోయింది. 2017 నవంబరులో ఆ కోర్టు కట్టుకోవచ్చని చెప్పింది. కానీ షరతులు పెట్టింది. ఏటి వరద మైదానాన్ని, వాగుల సహజమైన దారిని చెడగొట్టకూడదంది.

"వాగులో నేను గడ్డి కోసేదాన్ని" అంది అక్క. "ఏ పక్కకు పొంగుద్దో మాకు తెలుసు. మమ్మల్ని ఎవరడిగారు?"

పంపుకు కరెంటు కావాలి. మనిషి కావాలి. పూడిక తీస్తూ ఉండాలి. వాగుకు ఇవేమీ అక్కర్లేదు, దారి వదిలితే చాలు. చెరువులు, పంపులు ఎన్ని ఉన్నా ఈ సంగతి మరువకూడదు. పైగా చేను వాన నీటిని కొంత తాగుతుంది. సిమెంటు తాగదు. పడ్డ నీళ్లన్నీ ఒక్కసారే వాగుకు పరిగెత్తుతాయి. చేలు ఉన్ననాటి వాగు వేరు, నగరం లేచాక వాగు వేరు.

ఆగిన పని, కూర్చున్న ఆడవాళ్లు

వెలగపూడిలో సచివాలయం, శాసనసభ లేచాయి. 2019లో నేలపాడులో హైకోర్టు మొదలయింది. ఆ ఏడే ప్రభుత్వం మారింది. 2019 డిసెంబరు 17న ఒకటి కాదు, మూడు రాజధానులు అన్నారు. విశాఖపట్నం, అమరావతి, కర్నూలు. అన్ని ప్రాంతాలూ బాగుపడాలని ప్రభుత్వం చెప్పింది. ఇక్కడి రైతులు భూములిచ్చి మోసపోయామన్నారు.

ఊరూరా టెంట్లు వేశారు. ఆ టెంట్లలో ముందు వరసలో ఆడవాళ్లు కూర్చున్నారు. ఎప్పుడూ ఊరి దాటి ఎరగనివాళ్లు మైకు పట్టుకుని మాట్లాడారు. పోలీసులు పట్టుకుపోతే పోయారు. 2021 నవంబరు 1న తుళ్లూరులో బయల్దేరి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల మీదుగా తిరుపతి దాకా నడిచారు. 45 రోజులు పట్టింది. ఆ మధ్యలోనే ప్రభుత్వం మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు చెప్పింది. మాట ఇచ్చినట్టు రాజధాని కట్టాలి, రైతులకు స్థలాలివ్వాలి అంది. పని ముగించడానికి పెట్టిన గడువుల మీద అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఈ గొడవలో అయిదేళ్లు గడిచాయి. పంట లేదు, కట్టడం లేదు. నేల ఊరుకుంటుందా? సర్కారు తుమ్మ లేచింది. వేల ఎకరాల్లో ముళ్లకంప. సచివాలయం మేడలకని తవ్విన పునాదులు నీళ్లు నిండి చెరువులయ్యాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఆగస్టులో కంప కొట్టించడం మొదలుపెట్టారు. మద్రాసు ఐఐటీ నిపుణులు పడవెక్కి పోయి ఆ పునాదులు చూశారు. 2025 మే 2న ప్రధానమంత్రి వచ్చి పనులు తిరిగి మొదలుపెట్టించారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పు ఇస్తున్నాయి.

"టెంట్లో నువ్వూ కూర్చున్నావా అక్కా?"

"కొన్నాళ్లు కూర్చున్నా. ఆ పూట కూలి పోయేది. భూమి ఉన్నవాళ్లకు స్థలం కోసం. నాకు? పని కోసం కూర్చున్నా. ఊరు లేస్తే పని దొరుకుద్దని."

అక్క లోపలికి పోయి బ్యాంకు పుస్తకం తెచ్చింది. "చెల్లే, నువ్వు చదువుతావంటగా. ఎప్పుడూ పిల్లల్నే అడగాలి. ఏ నెల పడిందో, ఏ నెల పడలేదో చూడు."

అత్త పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుంది. తేదీ మీద వేలు పెట్టింది. అంకె మీద వేలు పెట్టింది. ఒక్కో వరస చదివింది. తప్పు పోతే కోడలు చెప్పింది. పొద్దుగూకేదాకా చదివారు. అక్క ప్రతి నెలకూ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది.

పెదపరిమి చేలో

మూడో రోజు తెల్లారి అత్త, కోడలు పెదపరిమి చేలో ఉన్నారు. ముఠా అంతా వచ్చింది. మంచుకు కాయ మెత్తగా ఉంది. సాళ్లు పట్టి కోస్తున్నారు. గట్టు మీద ఆసామి నిలబడ్డాడు.

రాజధానికి రెండో విడత భూములు సమీకరించడానికి 2025 నవంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. ఏడు ఊళ్లలో 16 వేల ఎకరాలకు పైగా తీసుకోవాలని తలపెట్టారు. వడ్డమాను, హరిశ్చంద్రపురం, పెదపరిమి వాటిలో ఉన్నాయి. ఈ సంగతి ఆటోలో వస్తూ కోడలు చెప్పింది.

అత్త నడుం ఎత్తి అడిగింది. "ఏమయ్యా, వచ్చే ఏడు కూడా మిరప వేస్తారా? మమ్మల్ని రమ్మంటారా?"

"ఇంట్లో ఇంకా ఏమీ తేల్చుకోలేదమ్మా" అన్నాడు ఆసామి.

అత్త కొంగుతో ముక్కు కట్టుకుంది. మళ్లీ సాల్లోకి వంగింది.

మాట్లాడుకోండి

మీ ఊరి వాగు ఎక్కడ పుడుతుంది? ఏ ఏట్లో, ఏ చెరువులో కలుస్తుంది? దాని దారిలో ఇప్పుడు ఏమేమి కట్టారు?

మీ ఇంటి పట్టా, పొలం పాసు పుస్తకం ఎవరి పేరున ఉన్నాయి? తెచ్చి అందరి ముందూ చదవండి.

మీ ఊళ్లో భూములు సమీకరణకు అడిగితే కౌలురైతులకు, కూలీలకు ఏమి కావాలని అడుగుతారు? ఒక అర్జీ రాయండి. కింద అందరూ సంతకాలు చెయ్యండి.